ఏ జిల్లాకు ముందు నీళ్లు? గ్రామీణ తాగునీరు, పారిశుద్ధ్య పథకాలకు ప్రాంతాల ఎంపిక

గ్రామీణ తాగునీటి పథకం మంజూరైనప్పుడు అందరికీ తెలిసేది దాని అంచనా వ్యయం, పూర్తి చేయాల్సిన గడువు, శంకుస్థాపన తేదీ. ఆ పథకానికి ఫలానా జిల్లానే ఎందుకు ఎంచుకున్నారు, అంతే ఎద్దడి ఉన్న పక్క జిల్లా ఎందుకు మిగిలిపోయింది అన్న సంగతి ఎక్కువగా దస్త్రాల్లోనే ఉండిపోతుంది. ఎవరింటికి నీళ్లు వస్తాయో, ఎవరు ఇంకో పదేళ్లు బిందెలతో నడవాలో పైపులు దిగకముందే, ఈ ఎంపిక దగ్గరే చాలావరకు తేలిపోతుంది. ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. అవసరం ఎక్కడ ఎక్కువ అన్నది ఒకటి, పథకం ఎక్కడ సాఫీగా పూర్తవుతుంది అన్నది రెండోది. ఈ రెండింటినీ ఒకే మార్కుల పట్టికలో వేసి కూడినప్పుడల్లా రెండో ప్రశ్న మొదటిదాన్ని మింగేస్తోంది. అవసరం ఎక్కువ ఉన్న చోటే సిబ్బంది, నిధులు, దారి, కరెంటు తక్కువగా ఉంటాయి కాబట్టి ఆ జిల్లా మొత్తం మార్కుల్లో వెనకబడిపోతుంది.

దేశంలో ఈ చిక్కు స్పష్టంగా బయటపడింది 1999లో. ఆ ఏడాది కేంద్ర ప్రభుత్వం గ్రామీణ నీటి సరఫరాలో సంస్కరణల పేరిట 67 జిల్లాలను ప్రయోగాత్మకంగా ఎంచుకుంది. అంతకుముందు ప్రభుత్వమే బోరు వేసి, ట్యాంకు కట్టి, మరమ్మతులూ చూసుకునేది. కొత్త పద్ధతిలో గ్రామస్థులు నిర్మాణ వ్యయంలో 10 శాతం తామే పోగుచేయాలి, ఆ తర్వాత నిర్వహణ ఖర్చు మొత్తం భరించాలి. 2002 డిసెంబరులో మొదలైన స్వజల్‌ధార ఇదే పద్ధతిని దేశమంతటికీ విస్తరించింది. ఊరివాళ్ల సొమ్ము అందులో ఉంటే పథకాన్ని తమదిగా చూసుకుంటారన్న ఆలోచనలో నిజం ఉంది. వరంగల్ సమీపంలోని గంగదేవిపల్లి కమిటీలు వేసుకుని, రుసుము కట్టుకుని నీటి సరఫరాను నడిపించుకున్న తీరు దానికి అందరూ చూపే ఉదాహరణ. అయితే ముందుగా డబ్బు కట్టిన ఊరికే పథకం అన్న నియమం ఎంపికను ఏ దిక్కుకు తిప్పుతుందో కూడా చూడాలి. రెండు పంటలు పండే ఊళ్లో, గల్ఫ్ నుంచి డబ్బు వచ్చే ఊళ్లో ఆ 10 శాతం వారంలో పోగవుతుంది. కౌలు రైతులు, కూలీలు ఉండే కాలనీలో, వలస వెళ్లిన ఊళ్లో పోగవదు. సుముఖతను కొలుస్తున్నామనుకుంటూ చెల్లించే శక్తిని కొలవడం అక్కడ జరిగింది. ఇంటింటికీ కుళాయి నీరిచ్చేందుకు కేంద్రం చేపట్టిన జల్‌జీవన్ మిషన్‌లో కొండ, అటవీ ప్రాంతాలకూ, ఎస్సీ, ఎస్టీ జనాభా సగానికి మించిన గ్రామాలకూ ఈ వాటాను 5 శాతానికి తగ్గించారు. దిద్దుబాటు మంచిదే, కానీ పాతికేళ్ల అనుభవం తర్వాత కూడా అది సగం దిద్దుబాటే.

2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్‌జీవన్ మిషన్‌లో కేంద్రం నుంచి రాష్ట్రాలకు నిధులు పంచే సూత్రం రాతపూర్వకంగా ఉంది. గ్రామీణ జనాభాకు 30 శాతం, గ్రామీణ ఎస్సీ, ఎస్టీ జనాభాకు 10 శాతం, ఎడారి, కరవు, కొండ ప్రాంతాలున్న రాష్ట్రాలకు 30 శాతం, రసాయన కాలుష్యం ఉన్న ఆవాసాల జనాభాకు 10 శాతం, ఇంకా ఇవ్వాల్సిన కుళాయి కనెక్షన్లకు 20 శాతం చొప్పున ప్రాధాన్యం ఇచ్చారు. ఇలా అంకెల్లో రాసి ప్రకటించడమే ఒక మేలు, ఎందుకంటే దాన్ని ప్రశ్నించవచ్చు. ప్రశ్నించాల్సిన చోటు కూడా అందులోనే ఉంది. కనెక్షన్ ఇవ్వని ఇంటికి ప్రాధాన్యం ఉంది. కనెక్షన్ ఇచ్చినా నీళ్లు రాని ఇంటికి, వారానికి రెండు రోజులే వచ్చే ఇంటికి, వేసవిలో ఎండిపోయే బోరుకు ఏ ప్రాధాన్యమూ లేదు. కుళాయి బిగించి లెక్కలో చేర్చిన మరుక్షణం ఆ ఇల్లు అవసరం ఉన్నవారి జాబితా నుంచి తప్పుకుంటుంది. మిషన్ సొంత నిర్వచనం ప్రకారమే పనిచేసే కుళాయి అంటే మనిషికి రోజుకు 55 లీటర్లు, ప్రమాణాలకు తగిన నాణ్యతతో, క్రమం తప్పకుండా ఇచ్చేది. ఆ నిర్వచనం నిధుల సూత్రంలోకి మాత్రం రాలేదు. ఇక రాష్ట్రం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి మండలానికి వచ్చేసరికి ఇంత స్పష్టంగా ప్రకటించిన సూత్రమే సాధారణంగా కనిపించదు. ఎంపిక అసలు జరిగేది అక్కడే.

అందుబాటును మాత్రమే లెక్కపెట్టి ఎంచుకుంటే ఏమవుతుందో తెలుగు నేల మీద ఫ్లోరైడ్ కథ కన్నా బాగా చెప్పేది లేదు. ఫ్లోరైడ్ ఎక్కువున్న నీరు తాగడం వల్ల పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు ఫ్లోరోసిస్ భారతదేశంలో ఉందని వైద్యులు మొదట గుర్తించింది 1937లో, నాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు నెల్లూరు నుంచి అందులోకి వెళ్లిన కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలను ఈనాటికీ ఆ సమస్య పీడిస్తోంది. నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు చుట్టుపక్కల ఊళ్లలో ఒక తరమే వంగిన కాళ్లతో, బిగుసుకుపోయిన వెన్నుతో బతికింది. గ్రానైటు రాతిలో ఉండే ఫ్లోరైడ్, నీరు ఆ రాతి పగుళ్లలో ఎంత ఎక్కువ కాలం నిలిస్తే అంత ఎక్కువగా కరుగుతుంది. నీటిలో క్షారత ఎక్కువై కాల్షియం తక్కువగా ఉంటే అది నీటిలోనే మిగిలిపోతుంది. పాత దిగుడు బావుల్లో వాన నీరు ఏటా కలుస్తూ ఉండేది. చేతిపంపులు, ఆ తర్వాత లోతు బోర్లు వచ్చాక జనం తాగింది ఏళ్ల తరబడి రాతిలో ఇంకిపోయి ఉన్న నీటిని. బోరు పడగానే దస్త్రాల్లో ఆ ఊరు ‘నీటి వసతి ఉన్న గ్రామం’ అయింది. 250 మందికి ఒక చేతిపంపు అన్న నాటి ప్రమాణం ప్రకారం లెక్క సరిపోయింది. పిల్లల పళ్ల మీద పసుపు, గోధుమ రంగు చారలు పడుతున్న సంగతికి ఆ పట్టికలో గడి లేదు. నీటి వసతి ఉన్నట్టు నమోదైన ఊరిని తర్వాతి పథకాలకు ఎంపిక చేయడమూ కష్టమైంది. అందుబాటు అంకె పెరిగిన కొద్దీ హాని పెరిగి, ఆ అంకే సాయాన్ని ఆలస్యం చేసిందన్నమాట.

భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు అనుమతిస్తారు. ఈ హద్దుకు పైన ఉన్న ఊళ్ల కోసం నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) 1970లలో రూపొందించిన పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. పటిక, సున్నం కలిపి కలియబెట్టి, ఫ్లోరైడ్‌ను మడ్డిగా కిందికి దించి పైనున్న తేట నీటిని వాడే పద్ధతి అది. చౌకైనదే, కానీ ఎంత నీటికి ఎంత పటిక అన్నది రోజూ కొలిచి వేసే మనిషి కావాలి, అడుగున చేరిన మడ్డిని ఊరికి దూరంగా పారేయాలి. ఆ మనిషికి జీతం ఎవరిస్తారన్నది తేలని చోట యంత్రాలు మూలపడ్డాయి. చివరకు నల్లగొండకు ఉపశమనం దొరికింది కృష్ణా నీటిని పైపుల్లో తెచ్చాకే. 2016 ఆగస్టులో గజ్వేల్ సమీపంలోని కోమటిబండలో ప్రారంభమైన మిషన్ భగీరథ ఆ పనిని రాష్ట్రవ్యాప్తం చేసింది. రూ.40 వేల కోట్లకు పైగా అంచనాతో అన్ని జిల్లాలకూ నదీజలాలు అనడం ద్వారా అది ఎంపిక ప్రశ్ననే పక్కకు నెట్టింది. అయినా ఏ భాగం ముందు, ఏది వెనక అన్న క్రమం ఉండనే ఉంటుంది. ఎనిమిది దశాబ్దాలుగా విషపు నీరు తాగుతున్న ప్రాంతం ఏ పథకంలోనైనా మొదటి వరుసలో ఉండాలన్న వాదనకు సాంకేతిక కారణాలేవీ పూర్తి జవాబు కావు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఇంకో రకం ఉదాహరణ. అక్కడ మూత్రపిండాల వ్యాధి ఎందుకు ఇంత విపరీతంగా ఉందో శాస్త్రం ఇప్పటికీ ఒకే కారణాన్ని తేల్చి చెప్పలేదు. నీటి ప్రభావం, పొలాల్లో ఎండకు ఒళ్లు అలసిపోవడం, పురుగుమందులు, నొప్పి మాత్రలు ఇలా పలు అనుమానాలున్నాయి. నీరే కారణమని తేలేదాకా ఆగకుండా, వంశధార మీది హిరమండలం జలాశయం నుంచి సుమారు రూ.700 కోట్లతో ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలకు ఉపరితల జలాలు ఇచ్చే పథకాన్ని చేపట్టి 2023 డిసెంబరులో ప్రారంభించారు. ముందుజాగ్రత్తగా ఇది సరైన నిర్ణయం. ఎంపిక కోణంలో ఇందులో గమనించాల్సిందేమిటంటే, ఇక్కడ జిల్లాను కాక, వ్యాధి ఉన్న ఏడు మండలాలను ఎంచుకున్నారు. శ్రీకాకుళం జిల్లా సగటును చూసి ఉంటే ఉద్దానం కనిపించేది కాదు. అలాగని, వ్యాధి తగ్గిందా లేదా అన్న ఒక్క కొలతతోనే ఈ పథకాన్ని తూచడం న్యాయం కాదు. ఏళ్ల తరబడి ముదిరే జబ్బు కుళాయి తిప్పిన మర్నాడు తగ్గదు. పథకం మొదలయ్యేనాటి నీటి పరీక్షల ఫలితాలు, రోగుల నమోదు రెండూ ఊరి వారీగా భద్రంగా ఉంటేనే పదేళ్ల తర్వాత ఏదైనా చెప్పగలిగేది.

జిల్లా సగటు దాచిపెట్టే సంగతులు ఇంకా ఉన్నాయి. డెల్టా జిల్లాలంటే నీళ్లకు కొదవ లేదన్న నమ్మకం చాలా పట్టికల్లో దానంతట అదే చేరిపోతుంది. దివిసీమ తీరంలో బోరు వేస్తే ఉప్పునీరు పడుతుంది. అక్కడి ఊళ్లు కాలువ నీటిని వేసవి నిల్వ చెరువుల్లో పట్టుకుని, కాలువలు కట్టేశాక ఆ నిల్వతోనే నెట్టుకురావాలి. కాలువ కట్టేసే రోజుకు చెరువు నిండకపోయినా, ఆక్వా చెరువుల మురుగు అందులో కలిసినా, మే నెలంతా ఆ ఊరు డబ్బా నీళ్లు కొనుక్కోవాల్సిందే. కొల్లేటి చుట్టూ ఉన్న లంక గ్రామాల పరిస్థితీ అంతే. ఇంటింటికీ కుళాయి ఉండి, తాగడానికి మాత్రం రోజూ 20 లీటర్ల డబ్బా కొనుక్కునే కుటుంబం ఏ జాబితాలోనూ అవసరం ఉన్న కుటుంబం కాదు. మంచినీటికి రోజూ ఎంత ఖర్చు పెడుతున్నారన్న ఒక్క ప్రశ్న సర్వేలో చేరిస్తే ఎన్నో ధనిక జిల్లాల పటం మారిపోతుంది.

దీనికి పూర్తిగా మరోవైపు పాడేరు ఏజెన్సీ. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు 13 నుంచి 26 అయ్యేదాకా ఆ కొండ మండలాలు విశాఖపట్నం జిల్లాలో భాగం. ఉక్కు కర్మాగారం, ఓడరేవు, మహానగరం ఉన్న జిల్లా సగటులో కొండ మీది ఇరవై ఇళ్ల గూడెం ఎంత కనిపిస్తుంది? 2018లో కేంద్రం వెనకబడినవిగా గుర్తించి ప్రకటించిన ఆకాంక్షిత జిల్లాల్లో విజయనగరం, కడపలతోపాటు విశాఖపట్నం పేరు చూసి ఆశ్చర్యపోయినవారు ఏజెన్సీని మరిచినవారే. ఇప్పుడది అల్లూరి సీతారామరాజు జిల్లాగా విడిగా ఉంది కాబట్టి లోటు అంకెల్లోనూ కనిపిస్తుంది. తెలంగాణలో 2016లో 10 జిల్లాలు 31గా, 2019లో 33గా మారినప్పుడు ఆసిఫాబాద్, భూపాలపల్లి విషయంలోనూ ఇలాగే జరిగింది. అయితే దీని వెనక ఒక చిక్కుంది. గ్రామీణ కుటుంబాల్లో మరుగుదొడ్డి ఉన్నవి 30.7 శాతం, కుళాయి నీరు అందుతున్నవి 30.8 శాతం అని చెప్పిన 2011 జనాభా లెక్కలు పాత జిల్లాల హద్దులతో తీసినవి. వాటిని కొత్త జిల్లాలకు ఊరి వారీగా తిరిగి పేర్చకుండా ఎవరు వెనకబడ్డారో పోల్చడం సాధ్యం కాదు. ఆ పని ఓపికతో చేయాల్సిన గుమస్తా పని, చేయకపోతే జరిగే అన్యాయం మాత్రం పెద్దది.

గూడేలకు పథకం ఎందుకు రాదో చూస్తే సామర్థ్యం పేరుతో జరిగే వడపోత అర్థమవుతుంది. మైదానంలో 2 వేల జనాభా ఉన్న ఊరికి రోజుకు 1,10,000 లీటర్లు కావాలి. ఒక బోరు, ఒక ఓవర్‌హెడ్ ట్యాంకు, నాలుగు వీధుల పైపులతో పని జరుగుతుంది. తలకు పడే ఖర్చు తక్కువ. కొండ మీద అవే 2 వేల మంది ముప్పై గూడేల్లో విడివిడిగా ఉంటారు. సిమెంటు బస్తా మోసుకెళ్లాలి, టెండరుకు గుత్తేదారు ముందుకు రాడు, కరెంటు నిలకడగా ఉండదు. మార్కుల పట్టికలో వీటన్నింటికీ మార్కులు తగ్గుతాయి. కానీ అక్కడికి తగిన పథకం వేరే ఉంది. గూడెం పైన కొండవాలులో ఊట ఉన్న చోట చిన్న సిమెంటు పెట్టె కట్టి, కంకర, ఇసుక పొరల గుండా నీటిని వడకట్టి, వాలు వెంట పైపు దించి, గూడెం దగ్గర చిన్న తొట్టెలో పట్టి నాలుగు కుళాయిలు బిగిస్తే మోటారు లేకుండానే నీళ్లు పారతాయి. కరెంటు బిల్లు లేదు, ఆపరేటర్ జీతం లేదు. వేసవిలో ఊట సన్నగిల్లడం, వానలకు పైపు కొట్టుకుపోవడం దీని బలహీనతలు. ఊట పైభాగంలో చెట్లు నరకకుండా చూడటం, పైపు ముక్కలు, అతికించే సామాను గూడెంలోనే నిల్వ ఉంచి ఇద్దరు కుర్రాళ్లకు పని నేర్పడం వాటికి మందు. మైదానపు కొలబద్దతో కొండను కొలిచినంత కాలం ఇది ‘సాధ్యం కాని ప్రాంతం’ గానే దస్త్రాల్లో మిగులుతుంది.

కాబట్టి సామర్థ్యాన్ని కొలవవద్దని ఎవరూ అనరు, కొలిచి దాన్ని వాడే తీరు మారాలి. అవసరాన్ని బట్టి ప్రాంతాన్ని ఎంచుకోవాలి. సామర్థ్యాన్ని బట్టి ఆ ప్రాంతానికి ఏ రకం సాయం, ఎంత గడువుతో ఇవ్వాలో తేల్చాలి. గ్రామీణ నీటి సరఫరా విభాగంలో ఇంజినీరు పోస్టులు ఖాళీగా ఉన్న జిల్లాను పక్కన పెట్టడానికి ఆ ఖాళీలు కారణం కాకూడదు, ఆ పోస్టులు నింపడం పథకంలో మొదటి పద్దు కావాలి. పంచాయతీకి కరెంటు బిల్లు కట్టే స్తోమత లేకపోతే మొదటి అయిదేళ్లు నిర్వహణ నిధి కూడా పథకం వ్యయంలోనే చేర్చాలి. పదిహేనో ఆర్థిక సంఘం 2021-26 కాలానికి తాగునీరు, పారిశుద్ధ్యం కోసమే గ్రామీణ స్థానిక సంస్థలకు రూ.1,42,084 కోట్లు, వేరే పనులకు మళ్లించకూడని కట్టుబడి నిధులుగా సిఫార్సు చేసింది కాబట్టి డబ్బు దారి పూర్తిగా మూసుకుపోయి లేదు. అవి పంచాయతీ ఖాతాకు సకాలంలో చేరడం, చేరాక పాత బకాయిలకు సర్దుబాటు కాకుండా ఉండటం ముఖ్యం.

పారిశుద్ధ్యం ఎంపికలో తరచూ నీటికి తోకలా వస్తుంది, రెండూ ఒకే నేలమీద జరిగే పనులైనా సరే. 2014 అక్టోబరు 2న మొదలైన స్వచ్ఛభారత్‌లో 2012 నాటి ప్రాథమిక సర్వేలో మరుగుదొడ్డి లేదని తేలిన ఇళ్లకు రూ.12,000 చొప్పున ఇచ్చి, 2019 అక్టోబరు 2న గ్రామీణ భారతం బహిరంగ విసర్జన రహితమైందని ప్రకటించారు. ఆ ప్రకటన తర్వాత మరుగుదొడ్డి లేకపోవడం అన్న కొలమానం జిల్లాల ఎంపికలో దాదాపు చెల్లిపోయింది. మిగిలింది వాడకం, గుంత స్థితి, మురుగు. చేదబావి నుంచో వీధి కుళాయి నుంచో మోసుకొచ్చే ఇంట్లో మరుగుదొడ్డికి పోసే ప్రతి చెంబూ ఆడవాళ్ల నడుము మీద పడే బరువే, అలాంటి ఊళ్లో ఆ గది కట్టెలు పెట్టుకునే కొట్టుగా మారితే తప్పు అలవాటుది కాదు, నీళ్లు రాకముందే మరుగుదొడ్లు కట్టించిన క్రమానిది. డెల్టాలో భూగర్భ జలం పైపైనే ఉంటుంది. వానాకాలంలో గుంతలోకి నీరు ఊరి, మలినం నేలలో వడకట్టుకునే వీలు లేకుండా పక్కనున్న చేతిపంపులోకి చేరుతుంది. అక్కడ గుంతను ఎత్తులో కట్టి చుట్టూ ఇసుక పొర వేయాలి, నీటి వనరుకు దూరం పాటించాలి. రాయలసీమ, తెలంగాణ పీఠభూముల్లో రాతిపొర అడ్డొచ్చి గుంత లోతు దిగదు. ఒకే నమూనా, ఒకే ధరతో జిల్లాలన్నింటికీ మంజూరు చేస్తే రెండు చోట్లా డబ్బు నేలపాలవుతుంది. ఇక ఇంటింటికీ మనిషికి 55 లీటర్ల చొప్పున వచ్చిన నీటిలో అధిక భాగం వంటింటి, స్నానాల గది నీరుగా వీధిలోకే వస్తుంది. కాలువ, ఇంకుడు గుంత లేని ఊరికి కుళాయి ఇవ్వడమంటే దోమలకు చోటివ్వడమే. నీటికి ఎంపికైన ఊరే మురుగు పనికి కూడా అదే ఏడాది ఎంపిక కావాలి. రెండు శాఖల జాబితాలు రెండుగా ఉన్నంత కాలం ఇది జరగదు.

ఎంపికకు కావాల్సిన సమాచారంలో అన్నిటికన్నా విలువైనది, అన్నిటికన్నా తక్కువగా దొరికేది చివరి కుళాయి సంగతి. ఊళ్లో ట్యాంకు దగ్గరున్న వీధికి ధార గట్టిగా వస్తుంది. కొందరు కుళాయికే మోటారు తగిలిస్తారు. వాటర్‌మన్ గేట్‌వాల్వు తిప్పి రెండో వీధికి వదిలేసరికి ట్యాంకు సగమవుతుంది. ఊరి చివర, చాలాచోట్ల ఎస్సీ కాలనీ ఉండే చోట, కుళాయి నుంచి గాలి చప్పుడు, ఆ తర్వాత బురద నీళ్లు, ఆ తర్వాత సన్నని ధార వస్తాయి. ట్యాంకు దగ్గర కొలిస్తే మనిషికి 55 లీటర్లు అందుతున్న ఊరే ఇది. ఆవాసం స్థాయిలో కొలత తీసేటప్పుడు ట్యాంకుకు దూరంగా, ఎత్తులో ఉన్న ఇంటి కుళాయి దగ్గర, అదీ మే నెలలో తీయాలి. నీటి నాణ్యతను వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి పరీక్షించాలి. నైట్రేటు, సూక్ష్మజీవులు వానాకాలంలో పెరగవచ్చు, లవణాలు, ఫ్లోరైడ్ ఎండాకాలంలో. ఒకే ఒక్క పరీక్షతో ‘సురక్షితం’ అని ముద్ర వేసిన ఊరు ఆరు నెలల తర్వాత అలాగే ఉంటుందన్న హామీ లేదు. ఆకాంక్షిత జిల్లాల కార్యక్రమంలోని మార్కుల్లో ఆరోగ్యం, పోషణకు 30 శాతం, విద్యకు 30 శాతం ఉండగా, తాగునీరు, మరుగుదొడ్లు 10 శాతం ఉన్న మౌలిక వసతుల్లో రోడ్లు, కరెంటు, ఇళ్లతో కలిసి ఉన్నాయి. పిల్లల పోషణ లోపానికి కలుషిత నీటితో ఉన్న సంబంధం తెలిసినదే కాబట్టి ఈ కొలమానాన్ని ఆరోగ్యం పక్కకు చేర్చడం సబబు.

రాష్ట్ర స్థాయిలో ఎంపిక రెండు అంచెల్లో జరగడం మేలు. జిల్లా అన్నది ఇంజినీర్లు, పరీక్షశాల, ఖజానా ఉండే చోటు కాబట్టి సిబ్బంది, శిక్షణ, పరికరాల కేటాయింపుకు అది సరైన ప్రమాణం. పనుల కేటాయింపుకు ఆవాసమే ప్రమాణం కావాలి, అది ఏ జిల్లాలో ఉన్నా సరే. ధనిక జిల్లాలోని ఉప్పునీటి లంక గ్రామానికీ, పేద జిల్లాలోని కొండ గూడేనికీ ఒకే జాబితాలో చోటు దొరికేది అప్పుడే. ఒకేసారి అందరికీ ఇవ్వలేని చోట ఏ ఊరికి ఏ సంవత్సరం అన్నది ముందే ప్రకటిస్తే, మొదటి విడతలో వచ్చిన ఊళ్లనూ ఇంకా రాని ఊళ్లనూ పోల్చి పథకం పనిచేసిందో లేదో తెలుసుకునే వీలు కూడా కలుగుతుంది. ప్రతి ఆవాసానికీ వచ్చిన మార్కులు, నీటి పరీక్ష ఫలితం, కొలత తీసిన తేదీ మండల పరిషత్ కార్యాలయంలోనూ గ్రామ సచివాలయంలోనూ గోడ మీద పెట్టి, అభ్యంతరాలకు నెల రోజులు గడువిచ్చి, గ్రామసభలో చదివి వినిపించాకే జాబితాను ఖరారు చేయాలి. తమ ఊరి నీరు సురక్షితమని రాసి ఉన్న కాగితాన్ని చూసి, ఆ నీటినే సీసాలో పట్టుకొచ్చి మళ్లీ పరీక్షించమని అడిగే హక్కు జాబితాలో చోటు దొరకని ప్రతి ఊరికీ ఆ నెల రోజుల్లో ఉండాలి, ఆ పరీక్ష ఖర్చు ప్రభుత్వమే భరించాలి.